ఆరు సైట్లున్న కాంట్రాక్టరుకు ఏ సాఫ్ట్‌వేర్ పనికొస్తుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. నాన్నగారు పాతికేళ్లుగా ఆర్ అండ్ బీ, పంచాయతీరాజ్ పనులు చేస్తున్నారు. ఇప్పుడు ఆరు సైట్లు నడుస్తున్నాయి, అందులో ఒకటి మీరే కట్టి అమ్ముతున్న అపార్ట్‌మెంటు. ఆఫీసులో టాలీ ఉంది, సైట్లకు వాట్సాప్ గ్రూపులున్నాయి. ఏ పనిలో ఎంత మిగిలిందో మార్చి దాటాక సీఏ చెబితే గానీ తెలియడం లేదు. అకౌంట్స్, సైటు పని రెండూ ఒకేచోట కనిపించే క్లౌడ్ సాఫ్ట్‌వేర్ కొందామంటే ముగ్గురు సేల్స్ వాళ్లు మూడు మాటలు చెప్పారు. ఏది తీసుకోవాలి?

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. టాలీని కదపకండి. దాని పక్కన, సైటులో ఫోన్ మీద నడిచే యాప్ ఒకటి పెట్టండి. అదీ ఒక్క సైటులోనే మొదలుపెట్టండి. కొనుగోలు నుంచి అకౌంట్స్ దాకా అన్నీ మేమే చేస్తామనే పెద్ద ప్యాకేజీ, అంటే ఈఆర్‌పీ, జోలికి ఇప్పుడే వెళ్లకండి.

నేను కాంట్రాక్టర్ల దగ్గర లెక్కలు రాయడం మొదలుపెట్టి ఇరవై ఏడేళ్లయింది. గుమస్తాగా చేరిన కొత్తలో సైటు లెక్కంటే సూపర్‌వైజరు సిగరెట్ పెట్టె అట్ట మీద రాసి జేబులో పెట్టుకొచ్చిన అంకెలు. ఇప్పుడు అదే అట్టకు ఫోటో తీసి వాట్సాప్‌లో పెడుతున్నారు.

2018లో నేను పనిచేసిన సంస్థలో తొమ్మిది సైట్లకు కలిపి ఒక పెద్ద ప్యాకేజీ కొన్నాం. డెమో చూసి మా ఎండీగారు ముచ్చటపడిపోయారు. సైటు నుంచి ఇండెంటు, అంటే ఫలానా సరుకు కావాలన్న చీటీ, పెట్టాలి, ఆఫీసు ఒప్పుకోవాలి, అప్పుడు పర్చేజ్ ఆర్డర్ పుట్టాలి, ఆ ఆర్డరు నంబరుంటేనే సరుకు ముట్టినట్టు ఎంట్రీ పడుతుంది. చెప్పుకోవడానికి ఇంతకంటే పద్ధతిగా ఉండేది లేదు. మొదటి వారంలోనే ఒక స్లాబు రోజు తెల్లవారుజామున అయిదున్నరకు సిమెంటు లారీ వచ్చింది. ముందురోజు రాత్రి ఫోన్లో చెప్పి తెప్పించిన లోడు, సిస్టంలో ఆర్డరు లేదు. ఒప్పుకోవాల్సిన మేనేజరు ఆఫీసుకొచ్చేది పదింటికి. లారీ డ్రైవరు హారన్ కొడుతున్నాడు, కాంక్రీటు కలిపే మిల్లరు తిరుగుతోంది, ముప్పై మంది కూలీలు నిలబడి ఉన్నారు. మా సూపర్‌వైజరు బస్తాలు దింపించుకుని, లోడుతో వచ్చిన చలాన్ వెనకాల 340 అని రాసి జేబులో పెట్టుకున్నాడు. అక్కడ నేనున్నా అదే చేసేవాణ్ణి.

రెండు నెలలు తిరిగేసరికి ఆ జేబు చీటీలు ఎక్కించడానికే ఆఫీసులో ఇద్దరు ఆపరేటర్లను పెట్టాల్సి వచ్చింది. వాళ్లు ఎప్పుడూ నెల రోజులు వెనకే. సైటు స్టాకు తెరిచి చూస్తే మైనస్‌లో కనిపించేది. ఎనిమిదో నెలలో ఆపేశాం. మా డేటా మాకిమ్మంటే ఆ కంపెనీవాళ్లు పీడీఎఫ్‌లు చేతిలో పెట్టారు.

అప్పటినుంచి డెమోకి ఎవరొచ్చినా వాళ్ల రంగురంగుల గ్రాఫులు నేను చూడను. మా సూపర్‌వైజరును పక్కన కూర్చోబెట్టి, అతని ఫోనే అతనికిచ్చి, ఆర్డరు లేని సిమెంటు లోడు ఒకటి ఎక్కించమంటాను. చలాన్ ఫోటో, ఎన్ని బస్తాలు, ఏ షాపు, ఏ సైటు. నిమిషంలో అయిపోవాలి. ఆర్డరు సంగతి తర్వాత ఆఫీసులో జత చేసుకోవచ్చు. రేట్లు మాత్రం అతనికి కనిపించకూడదు, అతను ఎక్కించాల్సింది పరిమాణమే. మీ రేట్లు ఇంకో కాంట్రాక్టరు చెవిన పడేది సాధారణంగా ఇక్కణ్ణుంచే. సిగ్నల్ లేనప్పుడు కూడా ఎంట్రీ పడి, సిగ్నల్ అందాక దానంతటదే పైకి వెళ్లాలి. చింతూరు, రంపచోడవరం లాంటి మన్యం ఊళ్ల వైపు పనులుంటే ఇదొక్కటి చూసుకున్నా చాలు, సగం యాప్‌లు అక్కడే రాలిపోతాయి.

ఏ రోజు లోడు ఆ రోజే ఎక్కితే వచ్చేదేమిటో ఒక లెక్కలో చూపిస్తాను. ఎం20 రకం కాంక్రీటును నామినల్ మిక్స్‌లో, అంటే మామూలు పాళ్లలో, కలిపితే క్యూబిక్ మీటరుకు సుమారు 8 బస్తాలు పడతాయి. ఒక సైటులో ఈ నెల 120 క్యూబిక్ మీటర్లు పోశారనుకోండి, 960 బస్తాలు కావాలి. గేటు లెక్క ప్రకారం ఖర్చయినవి 1,046. తేడా 86. అందులో కొంత వేస్టేజీ, కొంత సెంట్రింగ్ కుంగి స్లాబు మందం పెరగడం వల్ల పోయింది, కొంత ప్లాస్టరింగుకు వాడి ఆ పద్దు కింద రాయనిది. కొంత గేటు దాటి బయటికీ వెళ్లి ఉండొచ్చు. ఏది ఎంతో నెలాఖరున అడిగితే సూపర్‌వైజరుకు గుర్తుంటుంది. మార్చిలో అడిగితే ఆ దేవుడికే తెలియాలి.

స్టీలుదీ ఇదే కథ. 12 ఎంఎం కడ్డీ మీటరుకు 0.888 కిలోలు, అంటే 12 మీటర్ల కడ్డీ 10.66 కిలోలు. వంద కడ్డీలు దిగితే 1,066 కిలోలుండాలి. కడ్డీలకున్న ఐఎస్ 1786 ప్రమాణం ప్రకారం ఈ సైజుకు అయిదు శాతం అటూఇటూ ఒప్పుకున్నా 1,120 దాటకూడదు. కాటా చీటీలో 1,150 అని ఉంటే వెంటనే ఫోన్ చేయాలి. సూపర్‌వైజరు కడ్డీల లెక్క, కాటా చీటీ రెండూ ఎక్కించేలా యాప్ ఉంటే ఇది అప్పటికప్పుడే తేలుతుంది. లేదంటే షాపువాడి బిల్లే వేదం.

ఇక ఆఫీసు వైపు. ఇక్కడ చాలా సాఫ్ట్‌వేర్లు బోల్తా పడేది గవర్నమెంటు బిల్లు దగ్గర. మీ టాలీలో కూడా తప్పు ఇక్కడే జరుగుతూ ఉంటుందని నా అనుమానం. ఎం-బుక్‌లో, అంటే డిపార్ట్‌మెంటు పని కొలతలు రాసే పుస్తకంలో, 40 లక్షల పని రికార్డయిందనుకోండి. 18 శాతం జీఎస్టీ 7,20,000. మొత్తం 47,20,000. మీది భాగస్వామ్య సంస్థ అయితే ఇన్‌కంటాక్స్ టీడీఎస్ 2 శాతం, 80,000 పోతుంది. వ్యక్తి పేరున అయితే 1 శాతమే. జీఎస్టీ టీడీఎస్ 2 శాతం, ఇంకో 80,000. లేబర్ సెస్ 1 శాతం, 40,000. అగ్రిమెంటులో ఎఫ్‌ఎస్‌డీ (ప్రతి బిల్లులో ఆపి ఉంచే సెక్యూరిటీ డిపాజిట్) 7.5 శాతం అని ఉంటే 3,00,000. సీనరేజీ, అంటే కంకర, గ్రావెల్ లాంటి ఖనిజాల మీద రుసుము, కింద 65,000 పట్టారనుకుందాం. అన్నీ పోను బ్యాంకులో పడేది 41,55,000.

చాలా ఆఫీసుల్లో గుమస్తా ఈ 41,55,000ను వచ్చిన బిల్లుగా రాసేసి ఊరుకుంటాడు. పట్టుకున్న 5,65,000 ఎటు పోయిందో అడిగేవాడుండడు. కానీ ఆ అయిదు కోతలూ అయిదు రకాలు. ఇన్‌కంటాక్స్ టీడీఎస్ 26ఏఎస్‌లో, అంటే మన పేరున జమైన పన్ను పట్టికలో, కనిపించాలి, రిటర్నులో వాడుకోవాలి. జీఎస్టీ టీడీఎస్ పోర్టల్‌లో మనం ఒప్పుకుంటే గానీ క్యాష్ లెడ్జరులో పడదు. ఒప్పుకోవడం మర్చిపోయి, ఉన్న డబ్బు వాడుకోకుండా చేతి నుంచి పన్ను కట్టిన వాళ్లను చూశాను. లేబర్ సెస్ ఖర్చు. సీనరేజీ కూడా ఖర్చే, అయితే కంకర, గ్రావెల్ కొన్న క్వారీ పర్మిట్లు చూపించగలిగితే అందులో కొంతైనా తగ్గించుకునే వీలు ఉండొచ్చు, మీ డివిజన్ ఆఫీసులో అడగండి. ఎఫ్‌ఎస్‌డీ మాత్రం మన డబ్బే. డిఫెక్ట్ లయబిలిటీ గడువు, అంటే పనిలో లోపాలకు మనం బాధ్యులమయ్యే గడువు, దాటాక అడిగి తెచ్చుకోవాలి. ఏ పనికి ఎంత ఉంది, ఏ తేదీకి అడగొచ్చు అన్నది ఒక పట్టికలో కనిపించకపోతే అది గాలికి పోయినట్టే. నాలుగేళ్ల క్రితం ఒక పెద్దాయన లెక్కలు చూసిపెడితే, ముగిసిన పనుల తాలూకు ఎఫ్‌ఎస్‌డీ పదకొండు లక్షలు బయటపడింది. ఆయనకు అసలు గుర్తే లేదు.

కాబట్టి సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లకు మీ పాత బిల్లు కాపీ ఒకటిచ్చి, దాన్ని ఎక్కించి చూపించమనండి. 47,20,000 మొత్తంతో బిల్లు పడాలి, కోతలు ఒక్కోటీ ఒక్కో పద్దుకు వెళ్లాలి, ఎఫ్‌ఎస్‌డీ పనివారీగా నిలవాలి. ఎం-బుక్‌లో రికార్డయిన తేదీ, ఇన్‌వాయిస్ తేదీ, డబ్బు పడిన తేదీ, ఈ మూడింటికీ విడివిడిగా చోటుండాలి. గవర్నమెంటు పనిలో ఈ మూడింటి మధ్య ఎన్ని నెలలైనా గడవొచ్చు. జీఎస్టీ ఎప్పుడు కట్టాలన్నది దీని మీదే ఆధారపడుతుంది, ఏ తేదీ తీసుకోవాలో అగ్రిమెంటు చూసి మీ సీఏ చెప్పాలి.

ఇంకో మెలిక టెండరు శాతం. మన దగ్గర ఎస్టిమేట్ రేట్ల మీద 12 శాతం లెస్, 3 శాతం ఎక్సెస్ అంటూ కోట్ చేస్తాం. ఎం-బుక్‌లో ఎస్టిమేట్ రేటుతో లెక్క కట్టి, మొత్తం మీద ఆ శాతం తీస్తారు. ఐటెం రేట్ల పద్ధతికి కట్టిన యాప్‌లలో ఈ శాతానికి చోటే ఉండదు. అప్పుడు ప్రతి ఐటెం రేటునూ 12 శాతం తగ్గించి ఎక్కిస్తారు. పైసల్లో తేడాలొస్తాయి, డిపార్ట్‌మెంటు బిల్లుతో మన బిల్లు ఎప్పటికీ కలవదు. చిన్న విషయంలా ఉంటుంది గానీ, నెలనెలా ఈ పైసల కోసం కూర్చునే అకౌంటెంటును అడిగి చూడండి.

మీ అపార్ట్‌మెంటు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మీ ప్రశ్నలో దాన్ని మిగతా సైట్లతో కలిపేశారు. మీరే కట్టి అమ్మే ఇళ్లకు 2019 ఏప్రిల్ నుంచి 5 శాతం జీఎస్టీ, తక్కువ ధర ఇళ్లకైతే 1 శాతం. ఇన్‌పుట్ క్రెడిట్, అంటే సరుకు మీద కట్టిన జీఎస్టీని మన పన్నులోంచి తగ్గించుకునే వీలు, రాదు. గవర్నమెంటు పనులకు 18 శాతం, క్రెడిట్ వస్తుంది. ఇప్పుడు సిమెంటు షాపువాడు ఆరు సైట్లకూ కలిపి నెలకొకే బిల్లు పంపిస్తాడు. అందులో అపార్ట్‌మెంటుకు వెళ్లిన బస్తాల మీద క్రెడిట్ తీసుకోకూడదు. ఏ చలాన్ ఏ సైటులో దిగిందో రాతలో లేకపోతే ఈ విడదీత ఊహించి చేసిందే అవుతుంది. రేపు ఆడిట్‌లో నోటీసు వస్తే చూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. సైటు పేరుతో పడిన చలాన్ ఫోటో అప్పుడు అక్షరాలా డబ్బు. అపార్ట్‌మెంటు కోసం షాపువాణ్ణి విడిగా బిల్లు ఇవ్వమని ఈ నెల నుంచే అడగండి, సాఫ్ట్‌వేర్ కొనేదాకా ఆగక్కర్లేదు.

టర్నోవరు 5 కోట్లు దాటితే ఈ-ఇన్‌వాయిస్, అంటే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసే బిల్లు, తప్పదని తెలిసే ఉంటుంది. డిపార్ట్‌మెంటుకు వేసే బిల్లుకు అక్కర్లేదని కొందరు చెబుతుంటారు. టీడీఎస్ కోసమే అయినా ఆ ఆఫీసుకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే ఈ-ఇన్‌వాయిస్ ఇవ్వాల్సిందేనని 2023 జులైలో కేంద్రం సర్క్యులర్‌లోనే స్పష్టం చేసింది.

మేస్త్రీ అడ్వాన్సుల దగ్గర చాలా యాప్‌లు తప్పటడుగు వేస్తాయి. మీ సెంట్రింగ్ మేస్త్రీ సంక్రాంతికి ఊరెళ్తూ లక్షన్నర తీసుకుంటాడు. అప్పుడతను స్కూలు బిల్డింగు పనిలో ఉన్నాడు. పండగయ్యాక ముఠాతో తిరిగొచ్చి అపార్ట్‌మెంటులో దిగుతాడు. అడ్వాన్సు స్కూలు సైటులో ఉండిపోతుంది, పని అపార్ట్‌మెంటులో కొలుస్తారు, అక్కడ మళ్లీ కొత్త అడ్వాన్సు మొదలు. సైటుకొక లెడ్జరు పెట్టే యాప్ అయితే ఇద్దరు మేస్త్రీలున్నట్టు చూపిస్తుంది. మేస్త్రీకి అన్ని సైట్లకూ కలిపి ఒకే ఖాతా ఉండాలి, అందులోంచి సైటువారీ ఖర్చు విడిగా కనిపించాలి. డెమోలో దీన్ని కూడా చేయించి చూడండి. సైటు నుంచి సైటుకు మారే సెంట్రింగ్ సామాను, మిగిలిన స్టీలు కూడా ఇంతే. ట్రాక్టరు ఎక్కించి పంపేస్తారు, రాసేవాడుండడు. పాత సైటు నష్టంలో, కొత్త సైటు లాభంలో కనిపిస్తాయి, రెండూ అబద్ధమే.

ఇప్పుడు పేర్లు. టాలీని ఎందుకు ఉంచమన్నానంటే, మీ గుమస్తాకు, మీ సీఏకి ఇద్దరికీ అది చేతికి అలవాటైంది. అందులో ఉన్నవే మీరు వాడుకోవడం లేదు. ప్రతి పనికీ ఒక కాస్ట్ సెంటర్, అంటే ఆ పని ఖర్చులు విడిగా చేరే చోటు, పెట్టండి, ప్రతి సైటునూ ఒక గోడౌనుగా చూపించండి. ఈ రెండూ చేస్తే మీ ప్రశ్నలో సగానికి టాలీయే జవాబు చెబుతుంది, పైసా ఖర్చు లేకుండా. "టాలీ ఆన్ క్లౌడ్" అని అమ్మేది మాత్రం అదే టాలీని అద్దె సర్వరు మీద పెట్టి దూరం నుంచి తెరవడం. మీరు ఊళ్లో లేనప్పుడు లెక్కలు చూసుకోవడానికి బాగుంటుంది. సూపర్‌వైజరుకు ఫోన్లో అది తెరిచి ఎంట్రీ చేయమంటే దండం పెట్టేస్తాడు.

జోహో బుక్స్ పూర్తిగా బ్రౌజరులో, ఫోనులో నడుస్తుంది. జీఎస్టీ పనులన్నీ చక్కగా చేస్తుంది, రిపోర్టింగ్ ట్యాగులతో సైటువారీ లెక్క తీయొచ్చు. కొత్తగా మొదలుపెట్టే వాళ్లకైతే నేను దాన్నే చెబుతాను. కానీ అందులోని ప్రాజెక్టు బిల్లింగు గంటల లెక్కకు, మొత్తానికింత అనే లెక్కకు పనికొచ్చేది, ఎం-బుక్ కొలతలకు కాదు. పాతికేళ్ల టాలీ అలవాటును మార్చేంత అవసరం మీకు లేదు.

సైటు వైపు పవర్‌ప్లే, ఆన్‌సైట్ లాంటివి మన దేశంలో కాంట్రాక్టర్ల కోసమే వచ్చిన యాప్‌లు. హాజరు, సరుకు, రోజువారీ పని, ఫోటోలు వీటికి బాగుంటాయి. వాటిలో అకౌంట్స్ భాగం కూడా ఉంటుంది, దాన్ని పుస్తకాల లెక్కగా నమ్ముకోకండి. ఈ రెండింట్లో ఏదన్నది పైన చెప్పిన సిమెంటు లోడు పరీక్షలో మీ సూపర్‌వైజరే తేలుస్తాడు. ఈఆర్‌పీనెక్స్ట్ ఓపెన్ సోర్సు, లైసెన్సు ఖర్చుండదు, కానీ దాన్ని మన బిల్లుల తీరుకు మలచడానికి మనిషి కావాలి. ఆ మనిషి ఉద్యోగం మారితే మీరు నడిరోడ్డు మీద ఉంటారు.

ప్రోకోర్, బిల్డర్‌ట్రెండ్ పేర్లు అమెరికాలో ఉన్న మీ బావగారు చెప్పారని రాశారు. అక్కడ ఇళ్లు కట్టే మనవాళ్లకు అవి బ్రహ్మాండంగా ఉంటాయి. అక్కడి బిల్లింగు చాలావరకు ఏఐఏ అనే ఆర్కిటెక్టుల సంఘం వాళ్ల జీ702, జీ703 ఫారాల తీరులో నడుస్తుంది, బిల్లులో కొంత ఆపి ఉంచే రిటెయినేజ్ లెక్క కూడా అందులోనే. మన ఎం-బుక్‌కు, సీనరేజీకి అక్కడ చోటు లేదు. బావగారి సలహా బావగారి ఊరికి సరిపోతుంది.

నాన్నగారికి "మన లెక్కలు ఎవరి కంప్యూటర్లోనో ఉంటే ఎలా" అని భయం ఉందన్నారు. ఆయన భయం వట్టిది కాదు. క్విక్‌బుక్స్ అంత పెద్ద పేరున్నది, 2023లో మన దేశం నుంచి సర్దుకుని వెళ్లిపోయింది. వాడుతున్నవాళ్లు గడువులోగా డేటా దించుకుని వేరేచోటికి మారాల్సి వచ్చింది. కాబట్టి ఏది కొన్నా నెలకొకసారి మొత్తం డేటా ఎక్సెల్‌లో దించుకుని ఆఫీసులో దాచండి. పీడీఎఫ్ ఇస్తామంటే ఒప్పుకోవద్దు. రేపు మీరు ప్రైవేటు లిమిటెడ్‌కు మారే ఆలోచన ఉంటే ఇంకొకటి గుర్తుంచుకోండి. కంపెనీలకు 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రతి మార్పూ నమోదయ్యే, ఆ నమోదును ఆపడానికి వీల్లేని అకౌంటింగ్ సాఫ్ట్‌వేరే ఉండాలి, రోజువారీ బ్యాకప్ మన దేశంలో ఉన్న సర్వరులో ఉండాలి. ఇక సూపర్‌వైజర్ల లాగిన్‌లు వాళ్ల సొంత నంబర్లతో పెట్టకండి. కంపెనీ సిమ్ కొనివ్వండి. మనిషి మానేసినా నంబరు మీ దగ్గరే ఉంటుంది.

మొదలుపెట్టడానికి కొత్తగా అగ్రిమెంటయిన పని ఒకటి ఎంచుకోండి. సగమైన సైటులో పెడితే పాత స్టాకు ఎంతన్న గొడవతోనే నెల గడిచిపోతుంది. మొదటి మూడు నెలలూ సిమెంటు, స్టీలు, డీజిలు, మేస్త్రీ అడ్వాన్సులు, ఈ నాలుగే ఎక్కించండి. మేకులు, బైండింగ్ వైరు, టీ ఖర్చులు ఇంప్రెస్టు, అంటే సూపర్‌వైజరు చేతి ఖర్చుల డబ్బు, కింద పోనివ్వండి. రోజూ సాయంత్రం ఏడింటికి ఆఫీసులో ఒకరు ఆ రోజు చలాన్ల ఫోటోలు, ఎంట్రీలు పోల్చి చూడాలి, తేడా ఉంటే అప్పుడే సైటుకు ఫోన్ చేయాలి. ఆ ఒకరు మొదటి నెల మీరే అయితే మంచిది. సూపర్‌వైజరుకు ఇది తన మీద నిఘాలా అనిపిస్తుంది, మొహం మాడ్చుకుంటాడు. అతనికి రావాల్సిన ఇంప్రెస్టు డబ్బు, బిల్లులెక్కిన మర్నాడే వేసి చూడండి. తర్వాత మీరు గుర్తుచేయకుండానే ఎక్కిస్తాడు.

యాప్ నుంచి టాలీకి ఎంట్రీలు దానంతటవే వెళ్తాయని అందరూ చెబుతారు. మొదటి ఆరు నెలలూ దాన్ని ఆన్ చేయకండి. వారానికొకసారి యాప్‌లోని మొత్తాలు చూసి టాలీలో చేత్తో ఎక్కించుకోండి. తప్పులు అక్కడే ఆగిపోతాయి.

ఇవన్నీ చేసేలోగా ఈ వారం ఒక పని చేయండి. సిమెంటు షాపువాడి పోయిన నెల బిల్లు, ఆరు సైట్లలో దొరికిన చలాన్లు పక్కపక్కన పెట్టుకుని బస్తాలు లెక్కేయండి. ఎన్ని చలాన్లు దొరకలేదో, బస్తాల్లో తేడా ఎంతొచ్చిందో చెప్పండి. ఏ యాప్, ఎంతమందికి లైసెన్సు అన్నది ఆ అంకె చూశాక మాట్లాడుకుందాం.